ఆమెన్‌కు ఆగే గుర్రం

మా బావ పోయాడు.

ఆ కబురు నాకు నిజామాబాద్ గంజ్‌లో అందింది. పసుపు కుప్పల పక్కన, ఎడ్లు విప్పిన ఖాళీ బండి మీద నిలబడి దేవుని వాక్యం చెబుతున్నాను. ఆ పొద్దు జనం బాగానే కూడారు. బస్తాలు దించి బీడీలు ముట్టించుకున్న హమాలీలు, మోర్తాడ్ నుంచి పసుపు తెచ్చిన రైతులు, గంపలు దించుకున్న ఆడవాళ్లు. మాట మంచి వేడి మీద ఉంది. చేతిలో కంజర తనంత తానే మోగుతోంది. అంతలో బోధన్ దిక్కు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు కిందికి దిగి, ఎవరి ముఖమూ చూడకుండా, "గుర్రపాయన పోయిండు" అన్నాడు.

అంతే. నా ముందున్నవాళ్లు ఒక్కొక్కరే నాకు వీపు తిప్పి ఆ డ్రైవరు చుట్టూ చేరారు. ఎప్పుడు పోయిండు, ఎట్ల పోయిండు, గుర్రం ఎవరి దగ్గర ఉన్నది అని అడుగుతున్నారు. చూస్తుండగానే నా ఎదుట పసుపు కుప్ప ఒక్కటే మిగిలింది.

ప్రియులారా, అప్పుడు నా గుండెలో మొదట లేచింది దుఃఖం కాదు. పోయి కూడా నా సభ ఖాళీ చేశాడే అన్న మంట. దుఃఖం తర్వాత వచ్చింది, బస్సెక్కి జానకంపేట దాటాక. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోమని ఇన్నేండ్లుగా మీ మీద అరిచినవాణ్ని, ఈ వరుస తిరగేసి రాయలేను. మన సంఘం వేసే ఈ చిన్న పత్రికలో ఇదివరకు నేను రాసినవన్నీ మీ పాపాల గురించే. ఈసారి రాసేది నా పాపం గురించి.

బావ అంటే మా అక్క భర్త. ఆయన వృత్తి గుర్రపు స్వారీ. ఈ కాలం పిల్లలకు చెప్తే నమ్మరు గాని, అదొక బతుకుదెరువుగా సాగిన రోజులున్నాయి. నవాబు గుర్రపు దళాలు, ఆ రిసాలాలు, ఎత్తేసి అప్పటికి కొన్నేండ్లే అయింది. ఊళ్లలో దొరలకూ పటేళ్లకూ గుర్రాల మీద మోజు ఇంకా చావలేదు. జాతరల్లో పందేలు పెట్టేవాళ్లు. ఒక పందెమంటే మూడు పరీక్షలు. పొద్దున నడక: చెవుల పక్కన డప్పులు మోగుతుంటే, అరచేతిలో నిండు నీళ్ల చెంబు పెట్టుకొని, చుక్క ఒలకకుండా గుర్రం చేత అడుగులో అడుగు వేయించాలి. మధ్యాహ్నం దుముకుడు: గోడలా పేర్చిన చెరకు మోపులు, పొలం కాలువలు, ముళ్ల కంచెలు దాటిస్తూ ఊరి చుట్టూ తిరిగి రావాలి. సాయంత్రం మేకు: నేలలో పాతిన జానెడు చెక్క మేకును దౌడు మీద వస్తూ బల్లెంతో గుచ్చి లేపాలి. మూడింటికీ ఒకే గుర్రం, ఒకే రౌతు. దుముకుడులో మండిపడే గుర్రం నడకలో చెంబు ఒలికిస్తుంది. నడకలో వెన్నలా సాగే గుర్రం కంచె చూసి జంకుతుంది. రెండు గుణాలూ ఒక్క ఒంట్లో నిలపడమే విద్య. గెలిచినవాడికి తలపాగా, వెండి కడెం, ఇంటిల్లిపాదికి ఏడాది తినే జొన్నలు.

ఆయన ఏడాది దసరాతో మొదలయ్యేది. జమ్మి చెట్టు దాకా దొర వెనక గుర్రం నడిపించి బోణీ చేసేవాడు. కార్తీకంలో భీమ్‌గల్ గుట్ట, ఆ తర్వాత చలికాలమంతా ఒక జాతర మీద ఇంకో జాతర. చెరకు నరుకుడు మొదలై ఫ్యాక్టరీ గొట్టం పొగ కక్కుతుంటే బోధన్‌లో ఆటలు. శివరాత్రితో జాతరలు ముగిసేవి. ఎండాకాలం పెండ్లి ఊరేగింపులు, జీను మీద పెండ్లికొడుకు, కింద కళ్లెం పట్టుకొని బావ. "ఎక్కరానోని కింద గుర్రం, గుర్రం పక్కన నేను" అని తన మీద తనే నవ్వుకునేవాడు. ఇక వానలు పడ్డాయంటే మనిషికీ గుర్రానికీ పస్తులే. ఒకసారి ఉపవాస ప్రార్థనల గురించి నేను గొప్పగా చెబుతుంటే విని, "నాకు ఏడాదికి నాలుగు నెలలు ఉపాసమే బామ్మర్దీ. మీ సంఘంల నాకన్న భక్తిపరుడు ఉన్నడా?" అని అడిగాడు. విన్నవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో చెప్పాలంటే మా బాపు దగ్గరికి పోవాలి.

మా బాపు రిసాలాలో సాయీసు. గుర్రాలకు మేత వేసి, ఒళ్లు రుద్ది, లద్దె ఎత్తేవాడే గాని ఏనాడూ జీను మీద కూర్చోలేదు. సాయీసు ఎక్కకూడదు, అది అక్కడి రివాజు. రిసాలా పోయిన నాడు ఒక పాత జీను, చూలుతో ఉన్న ఒక ముసలి గుర్రం ఆయన వెంట బోధన్ దగ్గరి మా ఊరికి వచ్చాయి. తాను ఎక్కలేని జీను మీద కొడుకును చూడాలని ఆయన ఆశ. పద్నాలుగో ఏట నన్ను ఎక్కించాడు. పడ్డాను. మళ్లీ ఎక్కమన్నాడు. ఎక్కలేదు. "పడ్డది తప్పు గాదు బిడ్డా" అని మాత్రం అని కళ్లెం అందుకున్నాడు. తప్పు ఏదో ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. ఆ ఏడాదే గోనె సంచుల మీది రాతలూ మైలురాళ్లూ చూసి నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తర్వాత రెండేండ్లకు అక్క పెండ్లి అయింది. ఇల్లరికం అల్లుడుగా వచ్చినవాడు వచ్చిన వారమే, అడగకుండానే, ఆ గుర్రం కన్న పిల్లను మచ్చిక చేయడం మొదలుపెట్టాడు. దాని నుదుట తెల్లని మచ్చ ఉండేది. చాందిని అని పేరు పెట్టాడు. మా బాపు అరుగు మీద కూర్చొని అల్లుణ్ని చూస్తూ నవ్వే నవ్వు నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

మా బాపుకు అక్షరం రాదు. అయినా ప్రార్థన లేకుండా ముద్ద ముట్టడు, గుర్రాన్నీ ముట్టనివ్వడు. ఇంట్లో చదువు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే కనుక ఆ ప్రార్థన నా వంతు. తొట్టిలో ఉలవలు పోసి నేను చేతులు జోడిస్తే, చాందిని మూతి చాపకుండా ఎదురు చూడాలి. నేను ఆమెన్ అన్నాక తల దించి తినాలి. ఏడాది తిరగకుండానే ఎట్లా అయిందంటే, ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, ఆ మాట చెవిన పడితే చాలు, నాలుగు కాళ్లూ నిలిపి తల కిందికి దించేది.

బావకు ఇది మహా ముచ్చట. బోధన్‌లో హోటలు ముందు దిగి గుర్రాన్ని దేనికీ కట్టేవాడు కాదు. "ఆమెన్" అని లోపలికి పోయి చాయ్ తాగి వచ్చేవాడు. తిరిగి వచ్చేదాకా అది కదిలేది కాదు. చుట్టూ మూగి ముక్కున వేలేసుకునేవాళ్లు. ఒకనాడు నేను అక్కడే ఉండి, పవిత్రమైన మాటను పశువుకు పలుపుతాడు చేస్తావా అని నలుగురిలో గద్దించాను. ఆయన సాసర్లో చాయ్ ఊదుకుంటూ, "నీ సంఘంల ఆమెన్ అన్నంక ఎవ్వలన్న ఆగుతరా బామ్మర్దీ? ఒకల మీద ఒకలు పడి ఇంటికి ఉరుకుతరు. నా గుర్రమొక్కటే ఆగుతది" అన్నాడు. హోటలంతా గొల్లుమంది. ఆ మాట వారం తిరగకుండా మా సంఘంలోకీ వచ్చింది. ఆ ఆదివారం ఆరాధన ముగిశాక మా పెద్దలు నా ప్రసంగం గురించి కాదు, ఆ మాట గురించి మాట్లాడుకుంటూ ఇండ్లకు పోయారు. బావ అందరికన్నా వెనక, గుమ్మం పక్కన, గుర్రం కనిపించే చోట కూర్చునేవాడు. నేను ప్రసంగ పీఠం మీద నిలబడి ముందు వరుస వదిలి ఆయన ముఖమే చూసేవాణ్ని.

రాష్ట్రాలు కలిసిన ఏడాది మా బాపు మంచం పట్టాడు. చివరి రోజుల్లో ఒక పొద్దు అల్లుణ్ని పిలిచి, దూలానికి వేలాడుతున్న జీను దింపించి, రెండు చేతులతో తడిమి, "ఇది నీది" అన్నాడు. నేను తల దగ్గరే కూర్చొని నా వంతు కోసం చూస్తున్నాను. నా వైపు తిరిగి, "నీకు పుస్తకం ఉన్నది గద బిడ్డా" అన్నాడు. వాక్యంలో చూపు మందగించిన తండ్రి ఒకడున్నాడు, పెద్ద కొడుక్కి రావాల్సిన దీవెన మేకపిల్లల తోలు కట్టుకొని వచ్చిన చిన్నవాడికి పోయింది. అక్కడ కనీసం మోసం జరిగింది, ఏడవడానికి ఒక కారణం ఉంది. మా ఇంట్లో ఏ మోసమూ లేదు. బాపు నిండు తెలివితోనే ఇచ్చాడు. అదే నన్ను కాల్చింది.

ఇక ఆ జాతర సంగతి.

అది మోర్తాడ్ దిక్కు జాతర, బాపు పోయిన రెండేండ్లకు. జాతరలున్న చోటికి నేనూ పోయేవాణ్ని. జనం ఎక్కడుంటే వాక్యం అక్కడ. తెల్లవారుతుండగా చూస్తే బావ పందెం దారి వెంట ఒట్టి కాళ్లతో నడుస్తున్నాడు. ప్రతి పందెం ముందూ మూడుసార్లు నడిచేవాడు. మడిమతో నేల నొక్కి చూస్తాడు, రాయి ఉంటే తీసి పారేస్తాడు, కాలువ గట్టు మీద నిలబడి వేళ్లతో మట్టి పట్టు చూసుకుంటాడు. ఏం చేస్తున్నావని అడిగితే, "నువ్వు కండ్లతోని చదువుతవు, నేను కాళ్లతోని చదువుతున్న" అన్నాడు. చెప్పులు తొడుక్కున్న నా కాళ్ల వైపు చూసి, "నీది ఒక్కసారి చదివితే యాదుంటది. నాది పొద్దుకొక తీరు ఉంటది బామ్మర్దీ. మంచు పడ్డది జూడు" అన్నాడు. నాకు ఆ మాట మీద కూడా అసూయ పుట్టింది. మంచి మాట, నాకు రాలేదే అని.

నేను మేకు పాతే చోటికి దగ్గర్లో ఒక రాయి ఎక్కి మొదలుపెట్టాను. పొద్దంతా జనం వచ్చారు, పోయారు. సాయంత్రానికి యాభై అరవై మంది నిలిచారు. నడకలోనూ దుముకుడులోనూ బావ ముందున్నాడని తెలుస్తూనే ఉంది. మేకు పందేనికి డప్పు మోగింది. నా ముందు నుంచి ఒకరు కదిలారు, ఇద్దరు కదిలారు, ఆ తర్వాత గట్టు తెగినట్టు అందరూ కదిలారు. ఆఖరున ఒక ముసలవ్వ మిగిలింది. ఆమె ఉందని గొంతు పెంచాను. ఆమె కూడా గంప నెత్తికెత్తుకొని, నన్ను చూసి జాలిపడి, "నీ దేవుడు రేపు గూడ ఉంటడు బిడ్డా. గుర్రం గిప్పుడే ఉరుకుతది" అని చెప్పి పోయింది.

నేను కళ్లు మూసుకొని ప్రార్థన ఎత్తుకున్నాను. ఎవరూ లేని చోట, గొంతు చించుకొని. చాందిని డెక్కల చప్పుడు దూరంగా మొదలైంది. సాయీసు కొడుకును నేను. చప్పుడు వింటే గుర్రం ఎంత దూరంలో ఉందో, ఏ కాలు ముందు పడుతోందో, రౌతు ఎప్పుడు నేలకు వంగుతాడో నాకు తెలుసు. మేకు ఇంకా పదడుగులు ఉంది. నా ప్రార్థన సగంలో ఉంది. నాటి అపరాధాలు ఒప్పుకొనే భాగం కూడా ఇంకా రాలేదు. దాన్ని అక్కడే తెంపి, నాకున్న గొంతంతా పెట్టి, ఆమెన్ అన్నాను.

కళ్లు తెరిచేసరికి చాందిని నాలుగు కాళ్లూ తన్నిపట్టి తల దించి ఉంది. బావ దాని ముందు నేల మీద పడి ఉన్నాడు. బల్లెం ఎక్కడో పడింది. మేకు కదలలేదు.

కుడి తొడ ఎముక విరిగింది. చెరకు బండి మీద గడ్డి పరిచి, రాత్రంతా నడిపించి తెల్లారేసరికి నిజామాబాద్ ఆసుపత్రికి చేర్చాం. నేను బండి పక్కనే నడిచాను. అడిగినవాళ్లకు, ప్రార్థన అయిపోయింది, ఆమెన్ అన్నాను, అది అట్ల ఆగుతుందని నాకేం తెలుసు అన్నాను. రెండు మాటలూ అబద్ధం. ఆమెన్ అన్నందుకు ప్రచారకుణ్ని ఎవరు తిడతారు? పైగా పందెం పెట్టిన దొర మీసం దువ్వుకొని, దేవుని మాటకు ఆగిన గుర్రమంటే మామూలు గుర్రం కాదు అన్నాడు.

సహోదరులారా, ఇక్కడ ఆగి వినండి, అసలు పాపం ఇది. ఆ మాట పాకింది. ఉరికే గుర్రాన్ని మాటతో నిలిపినవాడు వస్తున్నాడంటే ఊళ్లు ఊళ్లే కదిలాయి. చందూర్‌లో సంతంతా నా చుట్టూ నిలబడింది. భీమ్‌గల్‌లో చెట్లెక్కి విన్నారు. ఆ చలికాలం నాకు దక్కినంత జనం అంతకుముందూ దక్కలేదు, ఆ తర్వాతా దక్కలేదు. బావకు ఏ జాతరా లేని ఏడాది నాకు అన్నీ జాతరలే. అది అబద్ధం మీద కూడిన జనమని నాకు తెలుసు. ఒక్క ఊళ్లోనూ నోరు తెరిచి చెప్పలేదు. వీణ వాయించి తనకు నెమ్మది తెచ్చినవాడి మీదే అసూయతో ఈటె విసిరిన రాజు గురించి ఆ ఏడాదే నేను ఏడు ఊళ్లలో ప్రసంగించాను. గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు.

బావ అయిదు నెలలు మంచంలో ఉన్నాడు. అక్క చెరకులో కలుపు తీయబోయింది. నాందేడ్ నుంచి ఒక మరాఠీ బేరగాడు చాందిని కోసం రెండుసార్లు వచ్చి, మూడోసారి కొత్త పలుపుతాడు కూడా తెచ్చుకున్నాడు. బావ మంచం మీద నుంచే ఆయనకు చాయ్ పోయించి పంపించాడట. నేను ఒక్కసారి పోయాను. ప్రార్థన చేయమన్నాడు. చేశాను. చివరి మాట నోట్లోనే నలిగింది. అక్క వంటింట్లోకి పోయింది. ఆయన మాత్రం కళ్లు మూసుకొని, నేను అనని దాన్ని తానే మెల్లగా అన్నాడు. బయట చాందిని గిట్టలు నిలదొక్కుకున్న చప్పుడు మా ముగ్గురికీ వినిపించింది.

వానలు పడ్డాక ఒక పొద్దు మా ఊరి మీదుగా సైకిల్ మీద పోతుంటే, చెరకు తోటల మధ్య బండ్ల దారిలో వాళ్లిద్దరూ కనిపించారు. బావ చాందిని మీద ఉన్నాడు. విరిగిన కాలు రికాబులో నిలవక వేలాడుతోంది. అక్క పక్కన నడుస్తూ ఆమెన్ అంటోంది. గుర్రం ఆగబోతే బావ మడిమతో తాకి ముందుకు నడిపిస్తున్నాడు. ఆగకుండా పది అడుగులు పోతే అక్క కొంగులోంచి బెల్లం ముక్క తీసి పెడుతోంది. తర్వాత బావ దిగి, తానే ఆ మాట అన్నాడు. చాందిని ఆగి తల దించింది. దానికి ఉలవలు పెట్టారు. నాకు అర్థమైంది. వీపు మీద మనిషి ఉంటే ఆగకూడదు, లేకుంటే ఆగాలి. బాపు నేర్పింది పోగొట్టకుండా దాని మీద ఇంకోటి నేర్పుతున్నాడు.

సైకిల్ తిప్పుకొని పోదామనుకున్నాను. ఆయన చూడనే చూశాడు.

"ఇటు రా బామ్మర్దీ, జర నీతోని పనున్నది. నేను మీదుంటే మీ అక్క అన్నా ఆగుతలేదు, నేనన్నా ఆగుతలేదు. గని దీనికి చిన్నప్పటి సంది దాణా పెట్టిన గొంతు నీది. నువ్వంటే ఏం జేస్తదో సూడాలె."

ఆయన మళ్లీ ఎక్కి నడిపించాడు. నేను వానలో నిలబడి అన్నాను. మెల్లగానే అన్నాను. చాందిని మేకు కొట్టినట్టు నిలిచిపోయింది. బావ ముందుకు జారి దాని మెడ కావలించుకొని, అట్లాగే వేలాడుతూ నవ్వాడు. అక్క నవ్వలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు.

"రేపు రా" అన్నాడు బావ.

వానాకాలమంతా పోయాను. దాన్ని మీరు పశ్చాత్తాపం అనుకోవద్దు. మొదటి వారమంతా అది నా గొంతుకు ఆగుతుంటే లోపల ఒక సంతోషం. బెల్లం పెట్టినా, మడిమతో తాకినా, బతిమాలినా, నేను అంటే ఆగేది. ఒకనాడు ఉండబట్టలేక, బావా, ఆ రోజు ప్రార్థన అని ఎత్తుకున్నాను. ఆయన జీను పట్టీ బిగిస్తున్నవాడు తల ఎత్తకుండానే, "నీ ప్రార్థన అయిందో కాలేదో నేను జూడలే. నేను మేకును జూస్తున్న" అన్నాడు. పట్టీ ఇంకో బెత్తెడు లాగి, "కానియ్, అను" అన్నాడు.

భాద్రపదంలో ఒక పొద్దు అన్నాను. చాందిని చెవి ఒక్కటి నా వైపు తిప్పింది. ఆగలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ, తడిసిన తోక ఊపుకుంటూ, చెరకు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. మలుపు అవతలి నుంచి బావ కేక వినిపించింది. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను బురదలో నిలబడి ఉన్నాను. ఈ లోకంలో నా మాటకు నిజంగా ఆగిన ప్రాణి అదొక్కటే. దాన్ని కూడా ఆయన తీసుకుపోయాడు, నా చేతనే.

ఆ ఏడాది అదే జాతరకు నన్ను వెంటబెట్టుకొని పోయాడు. నడకలో ఒక చుక్క ఒలికింది, కాలు సరిగ్గా బిగియక. దుముకుడులో రెండో వాడుగా వచ్చాడు. మేకు మిగిలింది. కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చి, "అదే రాయి మీద నిలవడు. గట్టిగ అను. వేరేటోళ్లు ఎన్నడన్న ఆ మాట అని ఆపుతరేమో అని నాకు భయముండొద్దు" అన్నాడు. రెండడుగులు పోయి వెనక్కి తిరిగి, "ప్రార్థన చిన్నగ జేసుకో బామ్మర్దీ. నేను జల్ది వస్త" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఆయనకు అంతా తెలుసు. సగంలో తెంపిన సంగతి కూడా తెలుసు.

చిన్న ప్రార్థనే చేశాను. ఈసారి ఒప్పుకోలు వదల్లేదు. డెక్కలు దగ్గరయ్యాయి. మేకుకు పదడుగులు ఉండగా గొంతెత్తి అన్నాను. చాందిని గాలిలా నా ముందు నుంచి పోయింది. మేకు లేచిన టక్కుమనే చప్పుడు విన్నాను. జనం ఊగిపోయారు. బావ ఒక చుట్టు తిరిగి వచ్చి, బల్లెం మొన మీది మేకు తీసి నా కరపత్రాల సంచిలో పడేసి, "ఇద్దరం లేపినం" అన్నాడు.

క్షమించడం గురించి నేను చెప్పినన్ని మాటలు ఈ తాలూకాలో ఎవరూ చెప్పి ఉండరు. చేసినవాడు మాత్రం వారానికొకసారి గుమ్మం దగ్గర కూర్చొని సగం ప్రసంగానికి కునికేవాడు. తప్పిపోయి తిరిగొచ్చిన తమ్ముడి కోసం పాటలూ ఆటలూ సాగుతున్న ఇంటి బయట, లోపలికి పోకుండా నిలబడ్డ పెద్ద కొడుకు కథ మీకు తెలుసు. తండ్రి బయటికి వచ్చి బతిమాలాడని ఉంది గాని, ఆ కొడుకు లోపలికి పోయాడో లేదో అక్కడ రాయలేదు. నేను పోలేదు. ఆయన క్షమించిన కొద్దీ ఆయన మీద నా కడుపుమంట పెరిగిందే గాని తగ్గలేదు. జీను ఆయనది, బాపు నవ్వు ఆయనది, చివరికి నేను బోధించేది కూడా ఆయన ఇంట్లోనే కాపురముంది.

తర్వాత తర్వాత పందేలు పలచబడ్డాయి. దొరలు జీపులు కొన్నారు. జాతరల్లో సినిమా డేరాలు లేచాయి. బావకు పెండ్లి ఊరేగింపులే మిగిలాయి. చలికి తొడ సలుపుతుంటే కళ్లెం పట్టుకొని కుంటుతూ నడిచేవాడు. "పడనోడు రౌతు గాదు, కడుపు మీద పాకెటోడు" అని నవ్వేవాడు. అర్థమేమిటని ఎవరడిగినా చెప్పేవాడు కాదు. నన్ను చూసినప్పుడల్లా మాత్రం మరోసారి అనేవాడు.

పోయిన పొద్దు ఎట్లా జరిగిందో అక్క చెప్పింది. నానబెట్టిన ఉలవల గంప చాందిని ముందు దించాడు. గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అంతే. అక్క నీళ్లు మోసుకొని వచ్చేసరికి ఆయన కూర్చున్నట్టే ఉన్నాడు. గుర్రం గంప ముందు నిలబడి ఉంది. గంప నిండుగానే ఉంది. ఆ మాట అనకముందే ఆయన వెళ్లిపోయాడు. అది ఒక్క గింజ ముట్టలేదు.

నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. పొద్దు వాలకముందే మట్టి చేయాలన్నారు. పాస్టరు పై ఊళ్లకు పోయి ఉన్నాడు, ప్రార్థన నేనే చేయాలన్నారు. వచ్చిన జనాన్ని చూశాను. బ్యాండు మేళంవాళ్లు, టాంగావాలాలు, ఫ్యాక్టరీ పనివాళ్లు, నాందేడ్ బేరగాడు, గంజ్‌లో పొద్దున నన్ను వదిలిపోయిన హమాలీలు. నాకు ఇందులో పదోవంతు రారు కదా అనుకున్నాను. ఇది కూడా రాయాలి కనుక రాస్తున్నాను.

చాందినికి బాపు జీను వేసి పాడె వెనక నడిపించుకొని వచ్చింది అక్క. ముసలిదైంది, కళ్లు గుంటలు పడ్డాయి. మన్ను వేయడం అయిపోయింది. మట్టి మీద బంతిపూల దండలు పడ్డాయి. అందరూ తలలు వంచారు. నేను ప్రార్థన మొదలుపెట్టాను. చివరికి వచ్చాను. చివరి మాట రాలేదు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. తరాలు చెప్పాను, యాత్రలు చెప్పాను, నేనే ఎరగని పితరులను తలుచుకున్నాను. ఎండలో జనం కాళ్లు మార్చుకుంటున్నారు. ఎక్కడో ఎవరో దగ్గారు. దాణా వేళ తప్ప, ఆ గుర్రం వినేటట్టు, ఆయన అడగకుండా, ఆ మాట నేను అన్నది జీవితంలో ఒక్కసారే.

అప్పుడు అక్క నా పక్కకు వచ్చింది. పద్నాలుగేండ్లలో ఆ సంగతి గురించి నాతో ఒక్క మాట మాట్లాడని మా అక్క. ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"అను తమ్మీ. పొద్దటి సంది అది తినలే. ఇప్పుడు దాని మీద ఎవ్వలు లేరు."

అన్నాను.

జనమంతా పలికారు. చాందిని నాలుగు కాళ్లూ కుదురుగా నిలిపి, ఖాళీ జీనుతో, మెల్లగా తల దించింది. కొత్త మట్టి మీది బంతిపూల దండను మూతితో ఒకసారి కదిలించి చూసింది. తర్వాత తినసాగింది. ఎవరూ అదిలించలేదు.